టెక్ సందేహాలు: 60 దాటితే ఇంటి పన్ను మాఫీ అంటూ వచ్చిన ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్ ఫైల్)

ప్రశ్న: రిటైర్డ్ టీచర్ని, వైజాగ్ ఎంవీపీ కాలనీలో సొంతిల్లు. 60 దాటినోళ్ళకి ఇంటి పన్ను మొత్తం మాఫీ, ఈ యాప్‌లో అప్లై చేస్కోండి అని మా వాకింగ్ గ్రూపులో ఫైల్ వచ్చింది. ఇన్‌స్టాల్ చేసి ఆధార్ నంబర్ కొట్టాను, ఇప్పుడు ఐకానే కనపడట్లేదు. మాఫీ వస్తుందా?

జవాబు: మాస్టారూ, మాఫీ సంగతి తర్వాత, ముందు ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, వైఫై కూడా ఆగిందో లేదో చూడండి. ఐకాన్ మాయమైందంటే యాప్ పోలేదు, దాక్కుంది. ఇలాంటివి మెసేజ్‌ల పర్మిషన్ తీస్కుని మీకొచ్చే ఓటీపీల్ని ఇంకెవడికో పంపిస్తుంటాయి. అందుకే ఇంట్లో వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పి నెట్ బ్యాంకింగ్, యూపీఐ ఆపించండి, డబ్బులు పోయుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టండి. తర్వాత సెట్టింగ్స్‌లో యాప్స్ లిస్టు మొత్తం తిరగెయ్యండి, పేరు లేకుండా ఖాళీగా ఉన్నదో, సిస్టమ్ అప్‌డేట్ అని బిల్డప్ ఇచ్చేదో ఉంటుంది. అన్‌ఇన్‌స్టాల్ నొక్కుడు పడకపోతే డివైస్ అడ్మిన్‌లో, యాక్సెసిబిలిటీలో దాన్ని ఆఫ్ చేసి మళ్ళీ ట్రై చెయ్యండి, అప్పటికీ పోకపోతే ఫొటోలు కేబుల్‌తో కంప్యూటర్‌లోకి లాగేసి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టడమే. నెట్‌వర్క్ ఆన్ చేశాక ##002# డయల్ చేస్తే మీ కాల్స్‌ని వేరే నంబర్‌కి మళ్ళించే కాల్ ఫార్వార్డింగ్‌లన్నీ రద్దవుతాయి. ఆధార్ అధికారిక యాప్‌లో బయోమెట్రిక్ (వేలిముద్రల) లాక్ కూడా పెట్టేస్కోండి.

ఇక మాఫీ. ఇంటి పన్ను స్థానిక సంస్థలది, ఊరికో లెక్క. ఢిల్లీలో సీనియర్లకి సొంతంగా ఉండే ఒక ఇంటి మీద 30 శాతం రిబేటు ఉంది, అమెరికాలో టెక్సాస్‌లో అయితే 65 నిండిన వాళ్ళకి సొంతింటి మీద స్కూళ్ళ కోసం వేసే పన్ను పెరక్కుండా సీలింగ్ పెడతారు, డల్లాస్‌లో మన పిల్లలు చెప్పిన ఇలాంటి కబుర్లే ఇక్కడికొచ్చేసరికి వైజాగ్ మాఫీ అయిపోతాయి! మన వైజాగ్ కార్పొరేషన్ జీవీఎంసీలో ఏప్రిల్ 30 లోపు ఏడాది పన్ను మొత్తం ఒకేసారి కడితే 5 శాతం తగ్గిస్తారు, దానికి వయసుతో పనిలేదు, ఏ యాప్‌లోనూ అప్లై చెయ్యక్కర్లేదు. మీ వాకింగ్ బ్యాచ్‌లో నేవీలో చేసి రిటైరైన వాళ్ళుంటే మాత్రం మాజీ సైనికుల మినహాయింపు గురించి జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసులో అడగమనండి, అది నిజంగా ఉన్నదే.

ప్రశ్న: పన్ను కట్టే సైటు అసలుదో కాదో ఎలా తెలుస్తుంది? (గాజువాక నుంచి ఒక చెల్లెమ్మ)

జవాబు: అడ్రస్‌లో మొదటి సింగిల్ స్లాష్ ముందు ఏముందో చూడమ్మా. అక్కడ డాట్ గవ్ డాట్ ఇన్‌తో ముగియాలి, మధ్యలో ఎక్కడో గవ్ అని ఇరికిస్తే లెక్కలోకి రాదు. అసెస్‌మెంట్ నంబర్ (మీ ఇంటి పన్ను నంబర్) కొట్టాక ఓనర్ పేరు, డోర్ నంబర్ మీవే వచ్చాయో లేదో చూస్కుని అప్పుడు కట్టు. డబ్బులు కట్ అయి రసీదు రాకపోతే కంగారుపడి రెండోసారి కట్టకు, ట్రాన్సాక్షన్ ఐడీ స్క్రీన్‌షాట్ దాచుకుని మర్నాడు బకాయి ఎంతుందో చూడు, అప్పటికీ మారకపోతే ఆ స్క్రీన్‌షాట్ పట్టుకుని మీ జోనల్ ఆఫీసుకి వెళ్ళు.