సింగపూర్ నుంచి న్యూయార్క్ ఎంత దూరం, విమానంలో ఎంతసేపు?

చాంగీ ఎయిర్‌పోర్టు నుంచి న్యూయార్క్‌లోని జేఎఫ్‌కే ఎయిర్‌పోర్టుకి అతి దగ్గరి దారి దాదాపు 15,350 కిలోమీటర్లు. ఎక్కడా ఆగని విమానానికి 18 నుంచి 19 గంటలు పడుతుంది.

ఈ దూరాన్ని మ్యాపు మీద స్కేలుతో కొలవకండి. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పట్టుకుంటే అది ఉత్తర ధ్రువం పక్కగా పోతుంది! అయినా విమానాలు చాలాసార్లు పసిఫిక్ మీదుగా చుట్టుదారిలోనే వెళ్తాయి. పడమటి నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి, దూరం పెరిగినా టైమ్, ఇంధనం కలిసొస్తాయి.

టికెట్ మీది టైమ్ చూసి కంగారు పడొద్దు. వేసవిలో సింగపూర్ టైమ్ న్యూయార్క్ కంటే సరిగ్గా 12 గంటలు ముందుంటుంది. అర్ధరాత్రి ఎక్కితే, పద్దెనిమిదిన్నర గంటల ప్రయాణం తర్వాత అదే తేదీన పొద్దున్న ఆరున్నరకే దిగుతారు.