రాజశేఖరుడి ఇంటి లెక్కలు

మైలాపూరు, చెన్నై

చిరంజీవికి ఆశీస్సులు.

అమ్మా, నీ నవల చేరి పది రోజులైంది. భాష బాగుంది. నేను వెంటనే కలం పట్టడానికి కారణం మాత్రం, కందుకూరి వీరేశలింగం గారి నవల గురించి ముందుమాటలో నువ్వు రాసిన ఒక వాక్యం. 'రాజశేఖర చరిత్రము ఇంగ్లీషు నవలకు అనుసరణ, ఇప్పుడు చదవదగినది కాదు' అని రాశావు. చదివినవాళ్లెవరూ ఆ మాట అంత తేలికగా అనరు. ముప్ఫై ఏళ్లు నిండేదాకా నేనూ చదవకుండానే అదే మాట అంటూ తిరిగాను.

తంబుచెట్టి వీధిలోని ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుకునే రోజుల్లో, 1985లో మూర్ మార్కెట్టు కాలిపోవడానికి కొన్ని నెలల ముందు, ఆ మార్కెట్టులోని పాత పుస్తకాల్లో ఆ నవల అట్ట ఊడిన ప్రతి ఒకటి దొరికింది. గ్రాంథికం, గోదావరి వర్ణన, నీతిబోధ తప్ప అందులో ఇంకేమీ ఉండవనుకున్నాను. తీరా చదివితే, ధవళేశ్వరంలో ఒక కలిగిన ఇల్లు ఎలా ఖాళీ అయిందో కళ్లకు కట్టింది. పొగిడేవాళ్లు చుట్టూ చేరి తినడం, బంగారం చేసి ఇస్తానన్న బైరాగి ఇంట్లో ఉన్న బంగారాన్నే పట్టుకుపోవడం, చేతిలో డబ్బు అయిపోగానే ఆ పొగిడిన నోళ్లే ముఖం చాటేయడం చదువుతుంటే, మా నాన్న హామీ సంతకం పెట్టిన తరువాత మా అరుగు బోసిపోయిన సంగతి గుర్తొచ్చి పుస్తకం కాసేపు మూసేశాను. గోల్డ్‌స్మిత్ ఇంగ్లీషు నవల 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' ప్రేరణ ఉన్నదని వీరేశలింగం గారు దాచలేదు. కానీ 1878లో ఆయన పత్రిక 'వివేకవర్ధని'లో మొదలై 1880లో పుస్తకమైన ఆ కథలోని మూఢనమ్మకాలూ, బంధువులూ, అప్పులూ అచ్చంగా మనవి. 1887లో అది 'ఫార్చ్యూన్స్ వీల్' పేరుతో ఇంగ్లీషులోకే వెళ్లింది. అనుసరణ అని తీసిపారేసేవాళ్లు ఈ సంగతి ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

డబ్బు ఎలా వచ్చిందో, ఎలా పోయిందో చెప్పని కుటుంబ నవలను నేను నమ్మలేను. ఆ పుస్తకం చదివాకే, నా మొదటి నవలలో 'ఆస్తి పోయింది' అన్న రెండు మాటలు కొట్టేసి, మా నాన్న సంతకం కథను పదకొండు పేజీలు రాశాను. ఒక వారపత్రిక సంపాదకుడు, పాఠకులకు పద్దుపుస్తకం అక్కరలేదని ఆ పదకొండు పేజీలూ తీసేసి, వాటి స్థానంలో ప్రేమ సన్నివేశం రాయించాడు. ఇంటికి అద్దె కట్టాల్సిన నెల కావడంతో ఒప్పుకున్నాను. ఆ బాధ ఈనాటికీ తగ్గలేదు.

నీ మూడో ప్రకరణంలో తండ్రి ఆస్తి 'కరిగిపోయింది' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఎవరికి నోటు రాసిచ్చాడు? ఇంటికి రావడం మొదట మానుకున్నది ఎవరు? నాలుగో ప్రకరణంలో తల్లి వడ్డిస్తుంటే ఆమె చేతులు బోసిగా ఉన్నాయని కూతురు గమనించే చోట నాకు గొంతు పట్టేసింది. ఆ గాజులు ఏ సేటు దుకాణానికి, ఏ నెలలో, ఎంత వడ్డీకి వెళ్లాయో రాసి, ఆ ప్రకరణం మళ్లీ పంపు.