బోరులో బెల్లంనీళ్లు పోయవచ్చా?

ప్రశ్న: మా ఇల్లు విజయవాడ ఆటోనగర్‌కు దగ్గర. పక్క షెడ్డులో ఇంజిన్ విడిభాగాలకు పట్టిన గ్రీజును ట్రైక్లోరోఇథిలీన్‌తో కడిగి, ఆ మడ్డిని ఏళ్ల తరబడి గోడవారన పారబోశారు. ఇప్పుడు మా బోరునీటికి అప్పుడప్పుడు తియ్యటి మందువాసన వస్తోంది. గాలి తగలనిచోట బతికే బ్యాక్టీరియా ఈ రసాయనాన్ని విరగ్గొడుతుందనీ, దానికి బెల్లం మేతగా పనికొస్తుందనీ మా అబ్బాయి చదివాడు. మేమే బోరులో బెల్లంనీళ్లు పోయవచ్చా?
— ఒక పాఠకుడు, పటమట

జవాబు: మీ అబ్బాయి చదివినది నిజమే గానీ, బెల్లంనీళ్లు మాత్రం పోయకండి.

ట్రైక్లోరోఇథిలీన్ నీటికంటే దాదాపు ఒకటిన్నర రెట్లు బరువైన ద్రవం. నేలలోకి ఇంకిన పెట్రోలు, కిరోసిన్ భూగర్భజలం మీద తేలుతాయి. ఇదైతే నీటిని దాటుకుని దిగి, బంకమట్టి పొర అడ్డుపడినచోట మడుగుకట్టి, కొద్దికొద్దిగా కరుగుతూ దశాబ్దాలపాటు నీటిని చెడగొట్టగలదు. ఆక్సిజన్ అందని ఆ లోతులో కొన్ని బ్యాక్టీరియాలు ఈ అణువులోని మూడు క్లోరిన్ పరమాణువులను ఒక్కొక్కటిగా ఊడదీస్తాయి. రెండు మిగిలితే డైక్లోరోఇథిలీన్, ఒకటి మిగిలితే వినైల్ క్లోరైడ్, మూడూ పోతే ఇథిలీన్. ఈ చివరిది మామిడికాయలు మాగబెట్టే గదుల్లో వాడే వాయువే కనుక దానితో పేచీ లేదు.

పేచీ అంతా నడిమి మెట్లతోనే. చాలా జాతులు డైక్లోరోఇథిలీన్ దగ్గరే ఆగిపోతాయి. చివరిదాకా పోగలిగినవి బహు కొద్ది; వాటిలో ముఖ్యమైన డీహాలోకాకాయిడిస్‌ను అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు మురుగుశుద్ధి కేంద్రపు బురదనుంచి వేరుచేసి 1997లో ప్రకటించారు. అందులోనూ అన్ని రకాలకూ ఒకే సత్తా లేదు. తగిన రకం లేనిచోట వినైల్ క్లోరైడ్ పేరుకుపోతుంది. అది క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన పదార్థం. అమెరికా తాగునీటి ప్రమాణాలు ట్రైక్లోరోఇథిలీన్‌ను లీటరుకు 5 మైక్రోగ్రాముల వరకు అనుమతిస్తే, దీన్ని 2 దాటనివ్వవు. సగంలో ఆగిపోయే ఈ పనిని ఇంటి బోరులో మొదలుపెట్టకపోవడమే మేలు.

బెల్లం సంగతికొస్తే, అది పులిసినప్పుడు వెలువడే హైడ్రోజనే డీహాలోకాకాయిడిస్‌కు కావలసినది. అయితే ఆ హైడ్రోజన్ కోసం మీథేన్ పుట్టించే సూక్ష్మజీవులు కూడా పోటీపడతాయి. పులుపు ముదిరి పీహెచ్ 6 కంటే తగ్గితే క్లోరిన్ ఊడదీసే పని దాదాపు నిలిచిపోతుంది. మట్టిలోని ఇనుము, మాంగనీసు కరిగి నీళ్లు కంపుకొడతాయి. పైగా ఆక్సిజన్ ఈ బ్యాక్టీరియాకు విషం, మీ బోరులోనేమో రోజూ మోటారు ఆడి నీటిలో గాలి కలుస్తుంది. విదేశాల్లో మొలాసిస్ (చక్కెర తీయగా మిగిలే మడ్డి), వంటనూనె వంటివాటిని లోపలికి ఎక్కించి, అవసరమైతే పెంచిన బ్యాక్టీరియాను కూడా కలిపి ఇలాంటి నేలలను శుద్ధి చేస్తున్న మాట వాస్తవమే, కానీ అక్కడ చుట్టూ పరిశీలన బావులు తవ్వి ఏళ్లతరబడి నీటిని పరీక్షిస్తూ ఉంటారు.

ముందుగా ఆ నీటిని తాగడానికీ వంటకూ వాడటం మానండి. మరిగించి వాడదామనుకోకండి, ఆవిరి వంటగదిలోనే తిరుగుతుంది. పరీక్షకు ప్లాస్టిక్ సీసా పనికిరాదు. ప్రయోగశాల ఇచ్చే చిన్న గాజుసీసాను గాలిబుడగ లేకుండా నిండా పట్టి, మూత బిగించి, ఐసులో పెట్టి పంపాలి. ట్రైక్లోరోఇథిలీన్ ఒక్కటే కాదు, డైక్లోరోఇథిలీన్, వినైల్ క్లోరైడ్ కూడా చూడమని రాసివ్వండి. ఆ కాగితం చేతికొచ్చాక కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో ఫిర్యాదు ఇస్తే దానికి బలం ఉంటుంది. వాసన రానంత మాత్రాన నీరు బాగున్నట్టు కాదు. హద్దుకు ఎన్నో రెట్లు మించితే గానీ ముక్కుకు తెలియదు.

ప్రశ్న: ఈ బ్యాక్టీరియా ఆ రసాయనాన్ని తింటుందా?
— ఒక విద్యార్థిని, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: తినదు, దానితో శ్వాసిస్తుంది. మనం తిన్న ఆహారంలోని ఎలక్ట్రాన్లు చివరకు ఆక్సిజన్‌కు చేరినట్టే, ఇది హైడ్రోజన్‌నుంచి తీసుకున్న ఎలక్ట్రాన్లను క్లోరిన్ ఉన్న అణువుకు చేరుస్తుంది. ఊడిన క్లోరిన్ ఉప్పులో ఉండే క్లోరైడ్‌గా నీటిలో కలుస్తుంది. ఒంటికి కావలసిన కార్బన్ ఎసిటేట్‌నుంచి, అంటే వెనిగర్‌లోని ఆమ్లపు రూపంనుంచి, వస్తుంది. క్లోరిన్‌ను ఊడదీసే ఎంజైములకు బి12 విటమిన్ కావాలి, దాన్ని ఈ జీవి స్వయంగా తయారుచేసుకోలేదు, ఇరుగుపొరుగు సూక్ష్మజీవులనుంచి తెచ్చుకోవాలి. అందుకే శుద్ధి పనుల్లో దీన్ని ఒంటరిగా కాక, ఆ గుంపుతో కలిపే నేలలోకి దించుతారు.