ఢిల్లీలో దిగాక కరోల్‌బాగ్‌కు దారేది?

ప్రశ్న: అమ్మానాన్నలతో మొదటిసారి ఢిల్లీ వెళ్తున్నాం. బస కరోల్‌బాగ్‌లో. విమానాశ్రయం నుంచి మెట్రో మంచిదా, ట్యాక్సీయా?

జవాబు: ముందు టికెట్‌పై టెర్మినల్ నంబర్ చూడండి, తికమకంతా అక్కడే. టీ3 అయితే బయటికి రాగానే ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ మెట్రో ఉంటుంది. ‘న్యూఢిల్లీ’ వైపు రైలే ఎక్కండి. ద్వారక వైపుది ఎక్కితే ఊరికి దూరమవుతారు. సుమారు 20 నిమిషాల్లో న్యూఢిల్లీ. అక్కడ ఎల్లో లైన్‌లో ఒక్క స్టేషన్, రాజీవ్ చౌక్. అక్కడి నుంచి బ్లూ లైన్‌లో మూడోది కరోల్‌బాగ్.

టీ1కి ఈ ఎక్స్‌ప్రెస్ రాదు. మెజెంటా లైన్‌లో హౌజ్ ఖాస్ వెళ్లి, ఎల్లో లైన్‌లోకి మారి రాజీవ్ చౌక్ చేరాలి.

అయితే రాజీవ్ చౌక్‌లో సాయంత్రం జనం తోసుకుంటూ ఎక్కుతారు. పెద్దవాళ్లు, రెండు పెద్ద పెట్టెలు ఉంటే మా ఓటు ట్యాక్సీకే. అర్ధరాత్రి దాటితే ఎలాగూ మెట్రో ఉండదు. లోపలికొచ్చి పిలిచేవాళ్ల వెంట వెళ్లకుండా ప్రీపెయిడ్ కౌంటర్‌లో డబ్బు కట్టి చీటీ తీసుకోండి. ఆ చీటీ చూపిస్తేనే డ్రైవర్‌కు కిరాయి ముడుతుంది. కాబట్టి హోటల్ గుమ్మం ముందు సామాను దింపాకే చీటీ చేతికివ్వండి. మీ హోటల్ మూతపడిందని, వేరేది చూపిస్తానని ఎవరన్నా నమ్మకండి, హోటల్‌కే ఫోన్ చేయండి.