సోడియంతో ప్రైమరీ ముందు, లూకాస్ పరీక్షలో టెర్షియరీ ముందు: ఆల్కహాల్స్‌లో వరుస ఎందుకు తిరగబడుతుంది?

మీరు అడిగింది ఇదీ: సోడియంతో ప్రైమరీ ఆల్కహాల్ వేగంగా చర్య జరుపుతుంది, టెర్షియరీ వెనకబడుతుంది. లూకాస్ పరీక్షలో (ఆల్కహాల్ ఎంత త్వరగా క్లోరైడ్‌గా మారి ద్రావణం తెల్లబడుతుందో చూసే పరీక్ష) సరిగ్గా తలకిందులు. ఆక్సీకరణం దగ్గరికొస్తే టెర్షియరీ అసలు కదలనే కదలదు. ఎస్టర్ తయారీలో మళ్లీ ప్రైమరీయే ముందు. ఇన్ని వరుసల్ని విడివిడిగా బట్టీ పట్టకుండా గుర్తుంచుకునే దారి ఏదైనా ఉందా?

ఉందండి. చాలా ఏళ్లుగా డిగ్రీ విద్యార్థులకు ఆర్గానిక్ కెమిస్ట్రీ చెబుతున్నాను, వాళ్ల ల్యాబ్ కూడా నేనే చూసుకుంటాను. ఈ చాప్టర్ దగ్గర తికమకపడి వచ్చిన ప్రతి ఒక్కరినీ నేను మొదట అడిగేది ఒకటే: ఇందులో ఏ బంధం తెగింది?

ముందు ఒక్క మాట: ఓహెచ్ ఉన్న కార్బన్‌కి ఇంకో కార్బన్ ఒకటే అతికి ఉంటే ప్రైమరీ, రెండుంటే సెకండరీ, మూడుంటే టెర్షియరీ. ఇక ఆల్కహాల్‌లో మనకు పని ఉన్న బంధాలు మూడు. ఆక్సిజన్‌కీ హైడ్రోజన్‌కీ మధ్య ఓ-హెచ్ బంధం ఒకటి. కార్బన్‌కీ ఆక్సిజన్‌కీ మధ్య సి-ఓ బంధం రెండోది. మూడోదాన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు. ఓహెచ్‌ని మోస్తున్న కార్బన్ మీదే ఉన్న హైడ్రోజన్, అంటే ఆ కార్బన్ తాలూకు సి-హెచ్ బంధం. మీరు రాసిన వరుసలన్నీ ఈ మూడింటిలో ఏది తెగుతోందన్నదాన్ని బట్టి మారుతున్నాయి.

ముందు సోడియం సంగతి చూద్దాం. నీటిలో వేస్తే సోడియం పైకి తేలి, కరిగి గుండ్రటి బొట్టులా మారి, బుసబుసమంటూ అటూ ఇటూ పరుగులు పెడుతుంది. నీరు లేని ఇథనాల్‌లో వేస్తే అడుగుకు దిగి, సన్నటి బుడగల్ని నిలకడగా పైకి వదులుతుంది. ఆ బుడగలు హైడ్రోజనే. చర్య ఇంత నెమ్మదిగా సాగుతుంది కాబట్టే ల్యాబ్‌లో మిగిలిపోయిన సోడియం తునకల్ని నీటిలో పారేయకుండా ప్రొపేన్-2-ఓల్‌లో కొంచెం కొంచెంగా వేసి చంపుతాం. ఇక్కడ తెగేది ఓ-హెచ్. అది తెగాక ఆక్సిజన్ మీద ఋణావేశం మిగులుతుంది, ఆల్కాక్సైడ్ అయాన్ వస్తుంది. ఆ ఆవేశాన్ని చుట్టూ ఉన్న ద్రావణి అణువులు హైడ్రోజన్ బంధాలతో ఆదుకోవాలి. ప్రైమరీలో అవి దగ్గరికి రావడానికి చోటుంటుంది. టెర్షియరీలో మూడు ఆల్కైల్ సమూహాలు (కార్బన్-హైడ్రోజన్ కొమ్మలు) అడ్డం కూర్చుంటాయి. అందుకే పీకేఏ (ఆమ్ల బలానికి కొలత, అంకె పెరిగేకొద్దీ ఆమ్లం బలహీనం) ఇథనాల్‌కి 15.9 ఉంటే టెర్షియరీ బ్యూటైల్ ఆల్కహాల్‌కి సుమారు 18.

దీనికి పుస్తకాల్లో సాధారణంగా ఇచ్చే కారణం వేరు: ఆల్కైల్ సమూహాలు ఎలక్ట్రాన్లను ఆక్సిజన్ వైపు నెడతాయి, అందువల్ల టెర్షియరీ బలహీన ఆమ్లం అని. పరీక్షలో అలాగే రాయండి, మార్కులు పడతాయి. కానీ 1968లో బ్రౌమన్, బ్లెయిర్ ద్రావణి లేకుండా వాయు స్థితిలో కొలిచి చూస్తే వరుస తిరగబడింది. అక్కడ టెర్షియరీ బ్యూటైల్ ఆల్కహాల్ ఇథనాల్ కంటే బలమైన ఆమ్లం. కాబట్టి మనం టెస్ట్ ట్యూబ్‌లో చూసే వరుసలో ద్రావణి ప్రమేయం చాలా ఉంది. నాకు ఈ చాప్టర్‌లో అన్నిటికంటే ఇష్టమైన విషయం ఇదే.

ఎస్టర్ తయారీ కూడా ఓ-హెచ్ తెగే చర్యే. ఇది విని చాలామంది ఆశ్చర్యపోతారు. కార్బాక్సిలిక్ ఆమ్లానికి ఆల్కహాల్, నాలుగు చుక్కల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి వేడి చేస్తే ఎస్టర్, నీరు వస్తాయి. ఆ నీటిలోకి వెళ్లిన ఓహెచ్ ఎవరిది? ఆమ్లం హైడ్రోజన్‌ని ఇస్తుంది, ఆల్కహాల్ ఓహెచ్‌ని ఇస్తుంది అని అనుకోవడం సహజం, ఆమ్ల-క్షార చర్య అలాగే జరుగుతుంది కదా. 1938లో రాబర్ట్స్, యూరీ ఈ ముడి విప్పారు. మామూలు ఆక్సిజన్ బదులు బరువైన ఆక్సిజన్-18 ఉన్న మిథనాల్ తీసుకుని బెంజోయిక్ ఆమ్లంతో కలిపారు. బరువు ఆక్సిజన్ నీటిలోకి పోలేదు, ఎస్టర్‌లో దొరికింది. అంటే ఆల్కహాల్ తన ఆక్సిజన్‌ని వదులుకోలేదు, హైడ్రోజన్‌ని మాత్రమే ఇచ్చింది. ఓహెచ్ పోయింది ఆమ్లం వైపు నుంచే. ఆల్కహాల్ ఆక్సిజన్ వెళ్లి ఆమ్లపు కార్బన్‌ని తాకాలి కాబట్టి దాని చుట్టూ ఇరుకు ఎంత తక్కువైతే అంత మేలు. అందుకే ప్రైమరీ ముందు, టెర్షియరీ చివర.

ఇప్పుడు సి-ఓ బంధం. మీ తికమక మొత్తానికి మూలం ఇక్కడుందని నా అభిప్రాయం.

ఇథనాల్‌లో సోడియం బ్రోమైడ్ వేసి ఎంతసేపు వేడి చేసినా బ్రోమోఈథేన్ రాదు. బ్రోమైడ్ అయాన్ ఉంది, కార్బన్ ఉంది, మరి ఎందుకు రాదు? ఓహెచ్ బయటికి పోవాలంటే హైడ్రాక్సైడ్ అయాన్‌గా పోవాలి. అది బలమైన క్షారం, కార్బన్‌ని అంత తేలిగ్గా వదలదు. అదే గిన్నెలోకి గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే కథ మారిపోతుంది. ఆక్సిజన్ మీద ఇంకో ప్రోటాన్ (ధనావేశమున్న హైడ్రోజన్) చేరి, ఇప్పుడు బయటికి పోవలసింది నీటి అణువు అవుతుంది. నీరు హాయిగా వెళ్లిపోతుంది. ఆల్కహాల్స్‌లో సి-ఓ తెగే ప్రతి చర్యలోనూ ఇలా ఓహెచ్‌ని ముందు సులువుగా పోయేదానిగా మార్చే మెట్టు ఒకటి ఉంటుంది. హెచ్‌బీఆర్‌లో ప్రోటాన్ ఆ పని చేస్తుంది. లూకాస్ కారకంలో గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పాటు ఉన్న నీరు లేని జింక్ క్లోరైడ్ కూడా ఆక్సిజన్‌ని పట్టుకుంటుంది. థయొనైల్ క్లోరైడ్ వేస్తే ఓహెచ్ కాస్తా క్లోరోసల్ఫైట్‌గా మారి, చివరికి సల్ఫర్ డయాక్సైడ్, హెచ్‌సీఎల్ వాయువులుగా ఎగిరిపోతుంది. ఏ కారకం కనబడినా అందులో ఈ మెట్టు ఎక్కడుందో వెతకండి, సగం మెకానిజం దానంతటదే వచ్చేస్తుంది.

నీరు వెళ్లిపోయాక కార్బన్ మీద ధనావేశం మిగులుతుంది. ఇప్పుడు ఆల్కైల్ సమూహాలు ఎన్ని ఉంటే అంత మంచిది, ఇలా ధనావేశమున్న కార్బన్ అయాన్‌ని, అంటే కార్బోకాటయాన్‌ని, నిలబెట్టేది అవే. సోడియం దగ్గర అడ్డు పడ్డ సమూహాలే ఇక్కడ ఆసరా అవుతున్నాయి. మీ వరుస తిరగబడింది అందుకే.

లూకాస్ పరీక్షని ల్యాబ్‌లో ఒకసారైనా మీ చేత్తో చేయండి. కారకంలో టెర్షియరీ బ్యూటైల్ ఆల్కహాల్ నాలుగు చుక్కలు వేసి ట్యూబ్ కుదిపితే వెంటనే పాలలా తెల్లబడుతుంది, కాసేపటికి పైన నూనెలాంటి పొర విడిగా తేలుతుంది. అది ఆ ద్రావణంలో కరగని ఆల్కైల్ క్లోరైడ్. సెకండరీకి ఐదు నిమిషాల అటూ ఇటూ పడుతుంది. ప్రైమరీ గది ఉష్ణోగ్రత దగ్గర తేటగానే ఉండిపోతుంది. రెండు జాగ్రత్తలు. ఆల్కహాల్ ముందు కారకంలో కరగాలి, కాబట్టి ఆరు కార్బన్లు దాటితే ఈ పరీక్షని నమ్మొద్దు. బెంజైల్, అల్లైల్ ఆల్కహాల్స్ పేరుకు ప్రైమరీయే అయినా వాటి కార్బోకాటయాన్‌కి రెజొనెన్స్ (ఆవేశం పక్క కార్బన్లకు కూడా పంచుకోబడడం) తోడుంటుంది కాబట్టి చకచకా తెల్లబడతాయి.

కార్బోకాటయాన్ వచ్చిందంటే అది సర్దుకునే అవకాశం కూడా వచ్చినట్టే. 3-మిథైల్‌బ్యూటేన్-2-ఓల్‌కి హెచ్‌బీఆర్ కలిపితే బ్రోమిన్ ఓహెచ్ ఉన్నచోటే చేరుతుందని అనిపిస్తుంది. కానీ పక్క కార్బన్ నుంచి హైడ్రైడ్ (ఎలక్ట్రాన్ల జంటతో సహా కదిలే హైడ్రోజన్) ఒకటి జరిగి సెకండరీ కాటయాన్ టెర్షియరీ అయిపోతుంది, వచ్చేది ముఖ్యంగా 2-బ్రోమో-2-మిథైల్‌బ్యూటేన్. పోటీ పరీక్షల్లో ఇది తరచుగా తగిలే ప్రశ్న.

నిర్జలీకరణం, అంటే నీటిని తీసేయడం గురించి క్లుప్తంగా. ఇథనాల్‌ని గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో 140 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేడి చేస్తే ఈథర్, 170 దగ్గర ఇథిలీన్. రెండింట్లోనూ సి-ఓ తెగుతుంది. తక్కువ వేడిలో ఇంకో ఆల్కహాల్ అణువు వచ్చి ఆ చోట్లో చేరుతుంది, ఎక్కువ వేడిలో పక్క కార్బన్ ప్రోటాన్‌ని వదిలి ద్విబంధం ఏర్పడుతుంది. టెర్షియరీకి ఇంత వేడీ అక్కర్లేదు, ఇంత గాఢమైన ఆమ్లమూ అక్కర్లేదు. కారణం మళ్లీ అదే కాటయాన్.

ఇక మూడో బంధం, సి-హెచ్. ఆక్సీకరణంలో తెగేది ఇదే. నారింజ రంగు డైక్రోమేట్ ద్రావణానికి ఆమ్లం, ఇథనాల్ చేర్చి వేడి చేస్తే మెల్లగా ఆకుపచ్చకి తిరుగుతుంది. 1954లో రాబర్ట్ బోర్కెన్‌స్టీన్ తయారుచేసిన బ్రెత్ అనలైజర్ శ్వాసలోని ఆల్కహాల్‌ని కొలిచింది ఈ రంగు మార్పుతోనే. ఇందులో ఆక్సిజన్ మొదట క్రోమియంతో కలుస్తుంది, ఆ తర్వాత ఓహెచ్ ఉన్న కార్బన్ తన హైడ్రోజన్‌ని వదులుకుని కార్బొనైల్ (ఆక్సిజన్‌తో ద్విబంధమున్న కార్బన్) అవుతుంది. ప్రైమరీకి అలాంటి హైడ్రోజన్లు రెండు, ఆల్డిహైడ్ వస్తుంది. సెకండరీకి ఒకటి, కీటోన్ వస్తుంది. టెర్షియరీకి అసలు లేదు, కాబట్టి చర్యా లేదు. మరీ వేడిగా, మరీ ఆమ్లంగా ఉంటే టెర్షియరీ ముందు నీరు కోల్పోయి ఆల్కీన్ అయి, అది ఆక్సీకరణం చెందవచ్చు. అప్పుడు రంగు మారితే కంగారుపడకండి.

ఆల్డిహైడ్ దగ్గర ఆగకుండా ఆమ్లం దాకా ఎందుకు పోతుందని కూడా అడుగుతుంటారు. నీరుంటే ఆల్డిహైడ్ దాన్ని కలుపుకుని హైడ్రేట్ అవుతుంది. అంటే ఓహెచ్ ఉన్న కార్బన్ మీద మళ్లీ ఒక హైడ్రోజన్ ఉన్నట్టే, మళ్లీ అదే చర్య. పీసీసీ (పిరిడీనియం క్లోరోక్రోమేట్) అనే ఆక్సీకరణిని నీరు లేని డైక్లోరోమీథేన్‌లో వాడితే ఆ దారి మూసుకుపోతుంది, ఆల్డిహైడ్ దగ్గరే ఆగుతుంది.

మిథనాల్ విషం కావడానికి కారణం ఈ సి-హెచ్ బంధమే. కాలేయంలోని ఆల్కహాల్ డీహైడ్రోజనేజ్ ఎంజైమ్ దాన్ని ఫార్మాల్డిహైడ్‌గా మారుస్తుంది, అది ఫార్మిక్ ఆమ్లం అవుతుంది, ఆ ఆమ్లం కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. ఆస్పత్రిలో విరుగుడుగా ఇచ్చే ఫోమెపిజోల్ ఆ ఎంజైమ్‌నే అడ్డుకుంటుంది. ల్యాబ్‌లో మిథనాల్ సీసా పట్టుకునే ప్రతి విద్యార్థికీ నేను ఇది చెప్పి తీరతాను. దాని మంట వెలుతురులో సరిగా కనబడదన్న సంగతి కూడా.

భౌతిక ధర్మాలకు వస్తే అక్కడ తెగేవి హైడ్రోజన్ బంధాలు మాత్రమే. ప్రొపేన్, డైమిథైల్ ఈథర్, ఇథనాల్ అణుభారాలు 44, 46, 46. మరిగే ఉష్ణోగ్రతలు మాత్రం మైనస్ 42, మైనస్ 24, 78 డిగ్రీలు. ఒక్క ఓహెచ్ వల్ల ఇంత తేడా. మూడు ఓహెచ్‌లున్న గ్లిసరాల్ 290 దాకా పోతుంది. నీటిలో మిథనాల్, ఇథనాల్, ప్రొపనాల్ ఎంతైనా కలుస్తాయి. బ్యూటేన్-1-ఓల్ 100 మిల్లీలీటర్ల నీటిలో 8 గ్రాముల దాకా, హెక్సేన్-1-ఓల్ అర గ్రాము పైచిలుకు మాత్రమే. ఇథనాల్ ఇటు నీటితోనూ అటు చాలా కర్బన పదార్థాలతోనూ కలుస్తుంది కాబట్టే మందులు, పరిమళాలు, రంగుల తయారీలో దానికంత గిరాకీ. శానిటైజర్‌లో స్వచ్ఛమైన ఆల్కహాల్ కంటే 70 శాతం బాగా పనిచేస్తుంది. సూక్ష్మజీవి ప్రోటీన్లు విచ్చుకోవడానికి నీరు కూడా కావాలి, పైగా అది చేతి మీద ఇంకాస్త సేపు నిలుస్తుంది.

పేర్లు పెట్టడం దగ్గర పెద్ద కష్టం లేదు. ఓహెచ్ ఉన్న పొడవాటి గొలుసు తీసుకోండి, ఓహెచ్‌కి చిన్న అంకె వచ్చే వైపు నుంచి లెక్కపెట్టండి, చివర ఓల్ చేర్చండి. ద్విబంధం ఉన్నా ఓహెచ్‌కే ముందు మర్యాద. ఆమ్లం, ఆల్డిహైడ్, కీటోన్ ఉంటే మాత్రం ఓహెచ్ తగ్గి హైడ్రాక్సీగా పేరు ముందుకు వెళ్తుంది. లాక్టిక్ ఆమ్లం 2-హైడ్రాక్సీప్రొపనోయిక్ ఆమ్లం కావడం అలాగే. ప్రైమరీనా టెర్షియరీనా అన్నది ఓహెచ్ ఉన్న కార్బన్‌ని మాత్రమే చూసి చెప్పాలి. పక్కన కొమ్మ ఉన్నంత మాత్రాన మారదు. 2-మిథైల్‌ప్రొపేన్-1-ఓల్ ప్రైమరీయే.

ఇదంతా పట్టుబడిందో లేదో చూసుకోవడానికి నా విద్యార్థులకు ఇచ్చే లెక్క మీకూ ఇస్తాను. నాలుగు కార్బన్ల ఆల్కహాల్స్ నాలుగూ నాలుగు సీసాల్లో ఉన్నాయి, చీటీలు ఊడిపోయాయి. కాస్త చల్లటి గదిలో ఒకటి గడ్డకట్టి ఉంటుంది. అది టెర్షియరీ బ్యూటైల్ ఆల్కహాల్, దాని ద్రవీభవన స్థానం 25 డిగ్రీల పైచిలుకు, లూకాస్‌తో వెంటనే తెల్లబడి రుజువిస్తుంది. కాసేపాగి తెల్లబడేది బ్యూటేన్-2-ఓల్. అయోడిన్, సోడియం హైడ్రాక్సైడ్‌తో పసుపు రంగు అయోడోఫామ్ ఇచ్చేది కూడా నాలుగింట్లో అదొక్కటే. మిగిలిన రెండూ ప్రైమరీ. రెండింట్లోనూ తెగే బంధాలు ఒకటే, ఈ పరీక్షలేవీ వాటిని విడదీయలేవు. వాటిని స్వేదనం చేసి థర్మామీటర్ చూడండి: 118 దగ్గర మరిగేది తిన్నటి గొలుసున్న బ్యూటేన్-1-ఓల్, 108 దగ్గర మరిగేది కొమ్మ ఉన్న 2-మిథైల్‌ప్రొపేన్-1-ఓల్.