ప్రణతికి, నర్సింగ్ కాలేజీ విషయమై

చిరంజీవి ప్రణతికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు నర్సింగ్ చదవబోతున్నావని మీ అమ్మ చెప్పగానే నా మనసు పొంగిపోయింది. మన ఇంట్లో నా తర్వాత ఈ వృత్తిలోకి వస్తున్నది నువ్వే. కానీ కాలేజీ వివరాలు విన్నాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లాభం కోసం నడిచే కాలేజీ, పాఠాలన్నీ ఆన్‌లైన్‌లో, మూడేళ్ల కోర్సు, 70 వేల డాలర్లు, వచ్చే నెలలోనే మొదలు. ఫోనులో చెబితే "సరే పెద్దమ్మా" అని ఊరుకుంటావు. అందుకే రాస్తున్నాను, ఓపికగా చదువు.

ముందు తేలిక సంగతులు. ఆ కోర్సుకు టెక్సస్ నర్సింగ్ బోర్డు ఆమోదం ఉందో లేదో బోర్డు వెబ్‌సైటులోనే చూడు. నర్సింగ్ కోర్సులను పరిశీలించి గుర్తింపు ఇచ్చే సంస్థలు ఏసీఈఎన్, సీసీఎన్ఈ. వాటిలో ఒక్కదాని గుర్తింపైనా లేకపోతే తర్వాత పై చదువులకు ఇబ్బంది పడతావు. క్లినికల్స్, అంటే రోగుల దగ్గర చేసే శిక్షణ, ఏ ఆసుపత్రిలో, ఎవరు ఏర్పాటు చేస్తారో రాయించుకో. రోగి చేయి పట్టుకుని నరం వెతకడం కంప్యూటర్ ముందు కూర్చుంటే రాదు.

డబ్బు సంగతి ఇంత తేలిక కాదు. నీకు బీటెక్ ఉంది కాబట్టి, ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే పెల్ గ్రాంటు రాదు. మన దేశంలో చదివిన డిగ్రీ అయినా వాళ్లు డిగ్రీగానే లెక్కవేస్తారు. గ్రీన్ కార్డు వచ్చింది కాబట్టి ప్రభుత్వ అప్పు దొరుకుతుంది గానీ, నీలాంటి వాళ్లకు విద్యా సంవత్సరానికి 12,500 డాలర్లకు మించి ఇవ్వరు. మూడేళ్లకు 37,500. మిగతా 32,500 ఎక్కడి నుంచి తెస్తావు? ప్రైవేటు అప్పు, దానికి హామీ సంతకం. ఆ సంతకం మీ నాన్న పెడతానన్నాడట. నాకు నిద్ర పట్టనిది అందుకే. ఈ దేశంలో దివాలా తీసినా చదువు అప్పు అంత సులభంగా వదలదు. గుంటూరు జనరల్ ఆసుపత్రిలో మేము చదువుకున్నప్పుడు మాకే స్టైపెండు ఇచ్చేవాళ్లు. చదువు పేరుతో ఇల్లు తాకట్టు పడుతుందని నేను ఇక్కడికి వచ్చాకే చూశాను.

మా ఇంట్లోనే చూశాను. మా మరిది భార్య గురించి నువ్వు వినే ఉంటావు, మొత్తం కథ ఎవరూ నీకు చెప్పి ఉండరు. మైక్రోబయాలజీలో డిగ్రీ చేసిన పిల్ల. హ్యూస్టన్‌లో ఒక వృద్ధాశ్రమంలో నర్సింగ్ అసిస్టెంట్‌గా చేస్తూ, అలాంటి కాలేజీలోనే చేరింది. చేరేముందు ఒక్కటే అడిగింది: నర్సు లైసెన్సుకు రాయాల్సిన ఎన్‌క్లెక్స్ పరీక్షలో మీ పిల్లలు నూటికి ఎంతమంది పాసవుతారు? తొంభైకి పైనే అన్నారు. అది అబద్ధం కాదు. ఆమె అక్కడితో ఆగిపోయింది, అదే పొరపాటు.

రాత్రి పదకొండుకు డ్యూటీ దిగి వచ్చి, భోజనాల బల్ల మీద పుస్తకాలు పరిచేది. నేను పక్కన కూర్చుని సెలైన్ లెక్కలు చేయించేదాన్ని. లీటరు సెలైన్ ఎనిమిది గంటల్లో వెళ్లాలంటే గంటకు ఎన్ని మిల్లీలీటర్లు? నోరు తెరిచేలోపే 125 అనేది. అన్ని సబ్జెక్టులూ పాసయింది. చివర్లో కాలేజీ వాళ్లే ఒక పరీక్ష పెట్టారు. అందులో వాళ్లు చెప్పిన మార్కులు వస్తే తప్ప బోర్డుకు పేరు పంపరు. మొదటిసారి కొద్దిలో తప్పింది. రివ్యూ క్లాసులన్నారు, మళ్లీ ఫీజు. రెండోసారీ అంతే. ఆఖరి కోర్సు మళ్లీ మొదటి నుంచి చదవమన్నారు, దానికి ఇంకో ఫీజు. అప్పటికి చేతిలో పైసా లేదు. ఎన్‌క్లెక్స్ గది గుమ్మం కూడా తొక్కకుండానే ఆగిపోయింది. మా మరిది హామీ ఉన్న అప్పు మాత్రం వాళ్ల కూతురు పెద్దదై కాలేజీకి వెళ్లేదాకా జీతంలోంచి పోతూనే ఉంది. వాళ్లు అలిసిపోవడం నేను దగ్గరుండి చూశాను, తల్లీ.

అలా ఎందుకు చేస్తారంటే, టెక్సస్‌లో మొదటిసారి రాసేవాళ్లలో నూటికి 80 మందైనా పాసవకపోతే బోర్డు ఆ కాలేజీని నిలదీస్తుంది. అందుకని తప్పుతారనుకున్నవాళ్లను కొన్ని కాలేజీలు అసలు రాయనివ్వవు. వందమంది చేరారనుకో. సగంమంది మధ్యలో మానేసో, ఆ ఆఖరి పరీక్ష దగ్గర ఆగో పోయారు. మిగిలిన యాభైమంది రాస్తే నలభై ఐదుగురు పాసయ్యారు. బోర్డు పట్టికలో 90 శాతం అని ఉంటుంది. నర్సులైంది మాత్రం వందకు నలభై ఐదుగురు.

కాబట్టి పాసైనవాళ్ల శాతం అడిగి ఊరుకోకు. మూడేళ్ల కిందట చేరిన బ్యాచిలో ఈరోజు లైసెన్సు ఎంతమంది చేతిలో ఉందో అడుగు. ఆఖరి పరీక్ష ఉందా, ఎన్నిసార్లు రాయనిస్తారు, ప్రతిసారికీ ఎంత కట్టాలి అన్నది కాగితం మీద ఇమ్మను. ఇవ్వకపోతే లేచి వచ్చేయ్. ప్రభుత్వం వాళ్ల కాలేజ్ స్కోర్‌కార్డ్ వెబ్‌సైటులో ఎంతమంది చదువు పూర్తి చేశారో, ఎంత అప్పుతో బయటపడ్డారో కనిపిస్తుంది. అదీ చూడు.

ఇంకొక భయం కూడా ఉంది. ఐటీటీ టెక్ అని లాభం కోసం నడిచే కాలేజీల సంస్థ ఒకటుండేది, అందులో నర్సింగ్ విభాగం కూడా ఉండేది. 2016 సెప్టెంబరులో ఆ సంస్థ ఉన్నపళంగా మూతపడింది, చదువు మధ్యలో ఉన్నవాళ్లు నడివీధిలో నిలబడ్డారు. ప్రభుత్వం 2022లో 2 లక్షల 8 వేల మంది పాత విద్యార్థులకు 390 కోట్ల డాలర్ల అప్పు కొట్టేసింది. అది ప్రభుత్వ అప్పు. ప్రైవేటు అప్పుకు ఆ మాఫీ వర్తించలేదు.

నీ వాదన నాకు తెలుసు. కమ్యూనిటీ కాలేజీలో సీటుకు ఆగాలి, ఏడాది ముందు నర్సువైతే ఏడాది జీతం మిగులుతుంది. కార్మిక శాఖ లెక్కల్లో 2024లో నర్సుల మధ్యస్థ జీతం 93,600 డాలర్లు, కనుక ఆ ఏడాది చిన్నదని నేనూ అనను. కానీ చివరిదాకా వెళ్లి లైసెన్సు చేతికొస్తేనే ఆ లెక్క నిలుస్తుంది. ముప్పై నాలుగేళ్ల నీకు ఒక ఏడాది ఆలస్యం పెద్ద ప్రమాదం కాదు. మీ కౌంటీలోనే కాలిన్ కాలేజీ అనే కమ్యూనిటీ కాలేజీ ఉంది. అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ అక్కడ తక్కువ ఫీజుతో పూర్తి చేసి, రెండేళ్ల కోర్సుకు దరఖాస్తు పెట్టు. లైసెన్సు వచ్చి ఉద్యోగంలో చేరాక, మిగతా బీఎస్సెన్, అంటే నర్సింగ్‌లో బ్యాచిలర్ డిగ్రీ, ఆన్‌లైన్‌లో హాయిగా చదువుకో, అప్పుడు నేనే చదవమంటాను. చాలా ఆసుపత్రులు దానికి డబ్బిస్తాయి. అలా ఇచ్చిన డబ్బు మీద ఏడాదికి 5,250 డాలర్ల వరకు పన్ను కూడా ఉండదు.

అడ్మిషన్ల అతను రోజుకు రెండుసార్లు ఫోను చేస్తున్నాడని, శుక్రవారంలోపు సంతకం పెడితే ఫీజు తగ్గిస్తాడని మీ అమ్మ అంది. రోగి మంచం దగ్గర కూడా నిన్ను ఇలాగే తొందరపెట్టే వాళ్లుంటారు. మందు పేరు, మోతాదు నీ కళ్లతో చూడందే సూది ఎత్తకూడదు. ఇప్పటి నుంచే ఆ పట్టుదల నేర్చుకో. చిన్నప్పుడు మీ తాతయ్య కాలి పుండుకు నువ్వు కట్టు కట్టిన తీరు నేను మరిచిపోలేదు. ఎనిమిదేళ్ల పిల్లవి, ఆయన మూలిగితే చేయి ఆపి, ఊది, మళ్లీ కట్టావు. నువ్వు మంచి నర్సువవుతావని నాకు అప్పుడే తెలుసు.

ఒప్పందం కాగితాలన్నీ ఫోటోలు తీసి నాకు పంపు, చిన్న అక్షరాల పేజీలు కూడా. ఆదివారం కూర్చుని ఇద్దరం చదువుదాం. అంతవరకు నువ్వుగానీ మీ నాన్నగానీ దేనిమీదా సంతకం పెట్టవద్దు. కమ్యూనిటీ కాలేజీలో సీటు వస్తే క్లినికల్ రోజుల్లో పిల్లలను నా దగ్గర దింపి వెళ్లు. మీ పెదనాన్నతో మాట్లాడాను, ఆయన పైగది ఖాళీ చేస్తానన్నారు.

మీ పెద్దమ్మ