విజిల్ ఊదేముందు కాళ్లు చూడు

అమ్మాయ్,

వచ్చే వారం అండర్-14 బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లకు నిన్ను రిఫరీగా పిలిచారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషం. "మాస్టారూ, ఫౌల్స్ సంగతి చూసుకుంటాను గానీ ట్రావెలింగ్ అంటేనే భయం" అన్నావట. ట్రావెలింగ్ అంటే బంతి చేతిలో పట్టుకుని రూల్ ఒప్పుకోని అడుగు వేయడమే కదా. ఆ భయం ఉండటం మంచిదే. అది లేకే నేను ఒకసారి తప్పు చేశాను, ఆ సంగతి తర్వాత చెబుతా.

బయట నుంచి "స్టెప్స్! స్టెప్స్!" అని అరిచేవాళ్లు బంతినే చూస్తుంటారు. నువ్వు చూడాల్సింది కాళ్లు, అదీ బంతి చేతికి చిక్కిన క్షణంలో. నిలబడి అందుకున్న పిల్లకు ఏ కాలైనా పైవట్, అంటే నేల మీద ఉన్నచోటే ఉండాల్సిన కాలు, కావచ్చు. ఒకటి ఎత్తిందా, రెండోది పైవట్. ఆ కాలి మీద ఎన్నిసార్లు తిరిగినా, మడమ లేచినా తప్పు లేదు. పాస్ ఇవ్వడానికో షాట్‌కో ఆ కాలు ఎత్తి ఎగరొచ్చు, మళ్లీ నేలకు ఆనేలోపు బంతి వదిలేస్తే చాలు. డ్రిబుల్, అంటే బంతిని నేలకు కొడుతూ వెళ్లడం, మొదలెట్టాలంటే మాత్రం ముందు బంతి చేతిలోంచి పోవాలి, ఆ తర్వాతే పైవట్ కాలు లేవాలి.

ఈ వయసు పిల్లలు ఎక్కువగా దొరికేది ఇక్కడే. డిఫెండర్‌ను దాటేద్దామన్న తొందరలో కాలు ముందు లేస్తుంది, బంతి ఆ తర్వాత నేలకు తగులుతుంది. ఇది చూశావంటే మొహమాటపడకుండా ఊదు. పైవట్ ఏ కాలో నువ్వు పట్టుకోలేకపోతే ఊదకు. అనుమానం మీద ఊదిన విజిల్‌ను వెనక్కి తీసుకోలేం.

పరిగెత్తుతూ అందుకున్నప్పుడు లెక్క వేరు. బంతి చేతికి చిక్కేసరికి నేల మీదున్న కాలిని లెక్కపెట్టకు. ఆ తర్వాత పడేది ఒకటి, దాని తర్వాతది రెండు, అంతవరకే చెల్లుతుంది. 2017 నుంచి ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) రూల్ ఇదే. అందుకే లే-అప్‌కు, అంటే పరుగున బుట్ట దగ్గరికెళ్లి ఎగిరి బంతి వేయడానికి, వెళ్లే పిల్ల చూసేవాళ్లకు మూడడుగులు వేసినట్టే ఉంటుంది. పాత కోచ్‌లు కొందరు ఇప్పటికీ దీని మీద గొడవపడతారు, పడనీ. అదే పిల్ల పరుగులో అందుకుని డ్రిబుల్‌కు వెళ్లాలంటే మాత్రం రెండో అడుగు పడకముందే బంతి వదలాలి.

బంతి చేతుల్లో తడబడుతున్నంతసేపు ట్రావెలింగ్ లేదు. డ్రిబుల్ చేస్తూ రెండు బౌన్స్‌ల మధ్య ఎన్ని అడుగులు వేసినా లేదు.

ఇక నా తప్పు. ఆరేడేళ్ల కిందట ఒక అమ్మాయిల మ్యాచ్. సిమెంటు కోర్టు, మీద సన్నటి ఇసుక. చివరి నిమిషంలో ఒక బక్కపల్చని పిల్ల బంతి పట్టుకుని జారిపడి, ఆ ఊపుకి గజం దూరం ఈడ్చుకుపోయింది. బంతి మాత్రం వదల్లేదు. నేను ఠక్కున విజిల్ ఊది, ట్రావెలింగ్ అని సైగగా పిడికిళ్లు తిప్పేశాను. పడి జారడం తప్పు కాదు. బంతితో దొర్లినా, లేవబోయినా అప్పుడు ట్రావెలింగ్. ఆ పిల్ల లేవనే లేదు. మోకాలి చర్మం లేచిపోయి, "సార్, నేను కదల్లేదు కదా" అంది. వాళ్లు ఒక్క పాయింటుతో ఓడారు. అమెరికాలో హైస్కూల్ ఆడే మీ అన్నయ్య కొడుకుని అడిగితే పడితేనే ట్రావెలింగ్ అంటాడు. అక్కడి రూల్ పుస్తకం వేరు, అది ఇక్కడికి తేకు.

మరీ చిన్నపిల్లల మ్యాచ్ ఇస్తే, దగ్గర్లో డిఫెండర్ లేని చోట సగం అడుగు జరిగితే నేనైతే చూసీచూడనట్టు వదిలేస్తా. అయితే ఒక జట్టుకు వదిలింది రెండో జట్టుకూ వదలాలి. ఊదినప్పుడు సైగ చేసి ఊరుకోకుండా, "కాలు ముందు లేచిందమ్మా" అని ఒక్క ముక్క చెప్పు. మర్నాటికి సగం మంది సరిచేసుకుంటారు.

ఈ నాలుగు రోజులూ సాయంత్రం ఏదైనా కోర్టు పక్కన కూర్చో. విజిల్ వద్దు. బంతి ఎవరి చేతికి చిక్కినా "కుడి", "ఎడమ" అని లోపల అనుకుంటూ పైవట్ పట్టుకో. మొదటి రోజు సగం తప్పుతావు.

మ్యాచ్ రోజు అరగంట ముందే వెళ్లి చీపురు అడుగు. రెండు బుట్టల కింద ఇసుక ఊడ్పించాకే ఆట మొదలుపెట్టే సంగతి చూడు.

ఆశీస్సులతో,
మీ డ్రిల్లు మాస్టారు